పిలాటిస్ నడుముకు ఏమిస్తుంది, ఏమివ్వదు

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు వెళ్తే పిలాటిస్ స్టూడియోల బోర్డులు తరచూ కనిపిస్తున్నాయి. సినిమా తారలు పట్టాల మీద జారే బల్లపై పడుకుని, స్ప్రింగులకు కట్టిన తాళ్లు లాగుతూ చేసే వీడియోలు చూసినవాళ్లకు ఇది డబ్బున్నవాళ్ల వ్యాయామంలా అనిపిస్తుంది. నడుంనొప్పితో ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు మాత్రం ఫిజియోథెరపిస్టులు ఇదే పేరుతో నేల మీద పడుకుని చేసే నెమ్మదైన కదలికలు నేర్పిస్తున్నారు. ఇక పొట్ట కరుగుతుందని, వెన్ను నిటారుగా అవుతుందని, ఎత్తు పెరుగుతారని చెప్పే ప్రకటనలకు లెక్కలేదు. ఈ పద్ధతిలో అసలు ఏముంది, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి చెరుపు చేస్తుంది అన్నది తీరిగ్గా చూడాల్సిన విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పిలాటిస్‌లో విలువైనది యంత్రం కాదు, శ్రద్ధగా, తక్కువసార్లు, తప్పు లేకుండా కదలడం నేర్పే క్రమశిక్షణ. అది చాప మీదే దొరుకుతుంది.

ఈ పద్ధతికి పేరు దాన్ని రూపొందించిన మనిషి నుంచే వచ్చింది. జోసెఫ్ హుబెర్టస్ పిలాటిస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టారు. చిన్నతనంలో ఉబ్బసం, రికెట్స్, రుమాటిక్ జ్వరం ఆయన్ను బాధించాయి. బలహీనమైన ఒంటిని బాగుచేసుకోవాలన్న పట్టుదలతో జిమ్నాస్టిక్స్, బాక్సింగు వంటివి సాధన చేశారు. 1912 ప్రాంతంలో ఇంగ్లండ్ వెళ్లారు. రెండేళ్లకు మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. శత్రుదేశ పౌరుడన్న కారణంతో ఆయన్ను నిర్బంధించి, తర్వాత ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని నాకలో శిబిరంలో ఉంచారు. ఇరవై వేలమందికి పైగా బందీలున్న శిబిరం అది.  నేల మీద చేసే వ్యాయామాల వరుస అక్కడే రూపుదిద్దుకుందని చెబుతారు. మంచం పట్టిన రోగుల మంచాలకు ఆయన స్ప్రింగులు బిగించారని, ఆయన శిష్యులెవరూ 1918 ఇన్‌ఫ్లుయెంజాకు బలికాలేదని ప్రచారంలో ఉన్న కథలకు గట్టి ఆధారాలు లేవు. వాటిని పక్కన పెట్టినా పద్ధతి విలువ తగ్గదు.

1926లో ఆయన అమెరికా చేరారు. న్యూయార్క్‌లో 939 ఎయిత్ అవెన్యూలో భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపారు. 1927లో తన వ్యాయామ యంత్రానికి అమెరికా పేటెంటు పొందారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు 'కంట్రాలజీ'. 1945లో వెలువడిన పుస్తకంలో నేల మీద చేసే 34 వ్యాయామాలను వరుసగా వివరించారు. జార్జ్ బాలన్షీన్, మార్తా గ్రాహమ్ వంటి నృత్య దిగ్గజాలు దెబ్బ తగిలిన తమ నర్తకులను ఆయన దగ్గరికి పంపేవారు. చాలాకాలం ఈ విద్య నాట్యలోకం దాటి బయటికి రాకపోవడానికి కారణం అదే. 1967లో ఆయన, 1977లో క్లారా మరణించాక శిష్యులు తలో దారిలో నేర్పారు. 2000 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం 'పిలాటిస్' అన్నది ఒక వ్యాయామ పద్ధతి పేరని, దానిపై ఎవరికీ ట్రేడ్‌మార్కు హక్కు లేదని తీర్పు చెప్పింది. దాంతో తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఎవరైనా నేర్పవచ్చు, ఎవరైనా బోర్డు పెట్టవచ్చు. ఈ పద్ధతి ప్రపంచమంతా పాకడానికీ, బోధనలో నాణ్యత ఇంత హెచ్చుతగ్గుగా ఉండటానికీ ఆ తీర్పు ప్రధాన కారణమని నేను అనుకుంటాను.

పద్ధతిలోకి వద్దాం. ఏకాగ్రత, నియంత్రణ, కేంద్రీకరణ, కచ్చితత్వం, శ్వాస, ధార అని ఆరు సూత్రాలు చెబుతుంటారు. ఈ ఆరుగా క్రోడీకరించింది పిలాటిస్ కాదు, 1980లో వచ్చిన ఒక పుస్తకం. కొత్తగా మొదలుపెట్టేవారు వీటిని బట్టీపట్టనక్కర్లేదు. ముందు నేర్చుకోవాల్సింది ఊపిరి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టుకోండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు ఎముకలు హార్మోనియం తిత్తిలా పక్కలకు తెరుచుకోవాలి. నోటితో నెమ్మదిగా వదిలినప్పుడు చేతుల కింద అవి దగ్గరకు రావాలి. వదిలే చివర్లో బొడ్డు కింది భాగం దానంతట అదే కొద్దిగా లోపలికి వెళ్లడం తెలుస్తుంది. ఆ కొద్దిపాటి బిగువే ఇందులో కీలకం. యోగాలో పొట్ట పైకి లేచేలా తీసే శ్వాసకు అలవాటుపడినవారికి ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. పొట్ట కండరాలను వదిలేయకుండా కదులుతూ ఊపిరి తీయాలి కాబట్టి ఛాతీ పక్కల నుంచి తీయమంటారు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పొట్టను శక్తికొద్దీ లోపలికి లాక్కుని ఊపిరి బిగబడతారు. బిగువు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మాట్లాడి చూడండి. మాట తేలిగ్గా రాకపోతే బిగువు ఎక్కువైనట్టే.

ఆ బిగువులో పనిచేసేవి పైకి కనిపించే పలకల కండరాలు కావు. నడుము చుట్టూ పట్టీలా ఉండే ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్, వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కలిపే చిన్న మల్టిఫిడస్ కండరాలు, పైన ఉదర వితానం, కింద మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ మోసే కటి అడుగు కండరాలు కలిసి పనిచేస్తాయి. ఈ నాలుగింటినీ కలిపి మామూలుగా 'కోర్' అంటున్నాం.

తర్వాతిది కటి ఉండే తీరు. అరచేతుల మణికట్టు వైపు భాగాన్ని తుంటి ఎముకల కొసల మీద, వేళ్లను పొత్తికడుపు కింది ఎముక మీద ఉంచితే ఒక త్రికోణం ఏర్పడుతుంది. అది నేలకు సమాంతరంగా ఉంటే నడుము కింద సహజమైన చిన్న ఒంపు మిగులుతుంది. ఇప్పటి ఫిజియోథెరపిస్టులు ఈ స్థితిలోనే మొదలుపెట్టమంటారు. జోసెఫ్ పిలాటిస్ మాత్రం వెన్ను మొత్తం నేలకు అంటాలనేవారు. పాత సంప్రదాయాన్ని పాటించే గురువులు ఇప్పటికీ అలాగే నేర్పుతారు. నడుంనొప్పి ఉన్నవారికి సహజమైన ఒంపే నయమని నా అభిప్రాయం. నడుమును నేలకు అదిమిపెట్టి ఉంచే అలవాటు నడిచేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు అక్కరకు రాదు.

ఈ రెండూ పట్టుబడితే మొదటి వ్యాయామం వంతెన. యోగా తెలిసినవారికి ఇది సేతుబంధాసనంలా కనిపిస్తుంది. తేడా పైకి లేచే తీరులో ఉంది. ఊపిరి వదులుతూ ముందు తోకఎముక, తర్వాత నడుము, ఆ తర్వాత వీపు, ఒక్కో వెన్నుపూసే లేవాలి. దిగేటప్పుడు వీపు ముందు ఆని, తోకఎముక చివర ఆనాలి. ఐదారుసార్లు చాలు. ఎక్కడ వెన్ను ఒక దిమ్మలా కదులుతుందో అదే మీ బిగుసుకున్న చోటు. కాళ్లతో చేసే తేలికపాటి అభ్యాసంలో వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ పైకెత్తి, ఒక్కో కాలి బొటనవేలితో నేలను తాకి మళ్లీ ఎత్తాలి. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది. కటి ఊగకుండా ఎనిమిదిసార్లు చేయడం తొలిసారి చాలామందికి సాధ్యం కాదు.

ప్రసిద్ధమైనది 'హండ్రెడ్'. తల, భుజాలు కొద్దిగా ఎత్తి, చేతులు నేలకు సమాంతరంగా చాచి, అరచేతులతో గాలిని చిన్నగా కొడుతూ ఐదు లెక్కలు ఊపిరి పీల్చి, ఐదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు చేస్తే వంద. పిలాటిస్ పుస్తకంలో కాళ్లు నిటారుగా చాచి, నేలకు కాస్త పైన ఉంచమని ఉంటుంది. మొదటి నెలల్లో మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద ఉంచే చేయాలి. మెడ నొప్పెడితే తల కింద పెట్టేయండి. మెడతో చేసే హండ్రెడ్ వల్ల పొట్టకు ఒరిగేదేమీ లేదు.

ఒక కాలు ఛాతీ వైపు తెచ్చి రెండోది చాచే 'సింగిల్ లెగ్ స్ట్రెచ్', కాళ్లు చాచి కూర్చుని వెన్నును ఒక్కో పూసగా ముందుకు వంచే 'స్పైన్ స్ట్రెచ్', ఒత్తిగిలి పడుకుని పైకాలిని ముందుకూ వెనక్కూ ఊపే 'సైడ్ కిక్' కూడా ఇంట్లో చేసుకోగలిగినవే. నేను అన్నిటికంటే ఎక్కువగా సిఫారసు చేసేది బోర్లా పడుకుని చేసే 'స్వాన్', 'స్విమ్మింగ్'. మొదటిది భుజంగాసనానికీ, రెండోది శలభాసనానికీ దగ్గరి చుట్టం. స్విమ్మింగ్‌లో చేతులు ముందుకు చాచి, కుడిచేయి, ఎడమకాలు ఒకసారి, ఎడమచేయి, కుడికాలు ఒకసారి నేల నుంచి కొద్దిగా ఎత్తుతారు. రోజంతా కంప్యూటర్ ముందో, కుట్టుమిషను ముందో, నాట్లు వేస్తూనో ముందుకు వంగి ఉండేవాళ్లకు వీపును వెనక్కి వంచే కదలిక దాదాపు ఉండదు. ఆ లోటును ఈ రెండూ పూరిస్తాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జోసెఫ్ పిలాటిస్ తన పుస్తకంలో చాలా వ్యాయామాలకు ఇచ్చిన లెక్క మూడు నుంచి ఆరుసార్లే. ఎక్కువసార్లు చేయడం ఆయన ఉద్దేశం కాదు. అలసిపోయిన కండరం పక్కనున్న కండరాన్ని ఆసరాగా పిలుస్తుంది, అక్కడి నుంచి వ్యాయామం తప్పుతుంది. గంటసేపు చెమటలు కక్కించి, నొప్పే ఫలితమని చెప్పే తరగతి ఏ పేరుతో నడిచినా అది ఈ పద్ధతి కాదు.

యంత్రాల గురించి కొంచెం. వీడియోల్లో కనిపించే జారుడు బల్ల పేరు రిఫార్మర్. పట్టాల మీద కదిలే పీఠం, దాన్ని లాగి పట్టే స్ప్రింగులు, కాళ్లు ఆనించే కడ్డీ, తాళ్లు అందులో ఉంటాయి. క్యాడిలాక్, చెయిర్, బ్యారెల్ వంటివి మరికొన్ని. స్ప్రింగు కొన్ని కదలికల్లో బరువై అడ్డుపడుతుంది, కొన్నింటిలో ఆసరా అవుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత కోలుకుంటున్నవారికి, కాలు ఎత్తే సత్తువ లేనివారికి రిఫార్మర్ నిజంగా ఉపకారి. మిగిలినవారికి చాప సరిపోతుంది. నిజానికి ఒకే వ్యాయామం చాప మీదే కష్టం, ఆసరా ఇచ్చే స్ప్రింగు ఉండదు కదా.

ఇప్పుడు ప్రయోజనాల మాట. ఎక్కువ పరిశోధన జరిగింది నడుంనొప్పి మీద. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ నడుంనొప్పి ఉన్న 15 మందినీ, లేని 15 మందినీ పరీక్షించారు. చేయి ఎత్తే క్షణంలో ఆరోగ్యవంతుల్లో ట్రాన్స్‌వర్సస్ కండరం ముందుగానే బిగిసింది. నొప్పి ఉన్నవారిలో ఆలస్యమైంది. ఈ ఫలితం వ్యాయామ లోకాన్ని ఊపేసింది. కోర్ బలమే నడుంనొప్పికి మందన్న ప్రచారం దాని మీదే నిలబడింది. తర్వాత సందేహాలు వచ్చాయి. ఆలస్యం నొప్పికి కారణమా, నొప్పి వల్ల వచ్చిన ఫలితమా? 2010లో ఇయాల్ లెడర్‌మన్ ఈ సిద్ధాంతాన్ని గట్టిగా ప్రశ్నిస్తూ వ్యాసం రాశారు. ఒక్క కండరాన్ని బలపరిస్తే నడుంనొప్పి పోతుందన్న మాట ఇప్పుడు ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

మరి పిలాటిస్ చేసినవారికి నొప్పి తగ్గిందా? తగ్గింది. 2015లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 10 అధ్యయనాలను, 510 మంది రోగులను లెక్కలోకి తీసుకుంది. ఏమీ చేయని వారితో, నామమాత్రపు చికిత్స పొందినవారితో పోలిస్తే పిలాటిస్ చేసినవారిలో నొప్పి, కదలికల ఇబ్బంది తగ్గాయి. అయితే ఆధారాల నాణ్యత తక్కువ నుంచి మధ్యస్థం. ఇతర వ్యాయామాల కంటే పిలాటిస్ మెరుగని తేలలేదు. 2021లో అదే సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామంపై 249 అధ్యయనాలను సమీక్షించి, వ్యాయామం మేలు చేస్తుందనే చెప్పింది. ప్రభుత్వాల లెక్క మరోలా ఉండవచ్చు. ఆస్ట్రేలియాలో సమీక్ష జరిపి, ఆధారాలు చాలవంటూ 2019 ఏప్రిల్ 1 నుంచి ప్రైవేటు ఆరోగ్యబీమా రాయితీ దక్కే జాబితా నుంచి పిలాటిస్‌ను తొలగించారు. ఆ నిర్ణయంపై తర్వాత మరోసారి సమీక్ష చేపట్టారు.

దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, నడుంనొప్పికి పిలాటిస్ మంచి దారుల్లో ఒకటి. నడక ఇష్టమైతే నడవండి, యోగా అలవాటైతే అదే చేయండి. వేగంగా కదలడానికి భయపడేవారికి, నొప్పి వల్ల వంగాలంటేనే జంకేవారికి ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. చిన్న చిన్న కదలికలతో శరీరం మీద నమ్మకం తిరిగి వస్తుంది. మందులు ఇవ్వలేనిది అదే.

పెద్దవయసువారిలో నిలకడ మెరుగైనట్టు పలు అధ్యయనాలు చూపాయి. కిందపడటం తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. 2019 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం వ్యాయామం వల్ల వృద్ధులు పడిపోయే రేటు 23 శాతం తగ్గింది. అందులో ముఖ్యపాత్ర నిలబడి చేసే నిలకడ వ్యాయామాలది. పిలాటిస్‌లో ఎక్కువ భాగం పడుకుని, కూర్చుని చేసేదే. కాబట్టి పెద్దవారు గోడ పక్కన నిలబడి ఒంటికాలిపై నిలకడ, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం కూడా కలుపుకోవాలి.

బరువు విషయంలో ఆశ తగ్గించుకోవడం మంచిది. చాప మీద చేసే పిలాటిస్‌లో ఖర్చయ్యే శక్తి తక్కువ, గుండె వేగం పెద్దగా పెరగదు. బరువు ఎక్కువున్నవారిలో కొంత తగ్గిందని చెప్పే చిన్న అధ్యయనాలు ఉన్నా, వాటి మీద ఆధారపడి డబ్బు కట్టడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చెబుతుంది. పిలాటిస్ రెండో దానిలో కొంత భర్తీ చేస్తుంది, మొదటిది నడకతోనే తీరాలి. మన దేశంలో 2022 నాటికి పెద్దవాళ్లలో దాదాపు సగం మంది, స్త్రీలలో 57 శాతం మంది చాలినంత కదలడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అంచనా ప్రచురించింది. ఎత్తు పెరగడం అన్నది ఎదిగిన మనిషిలో జరగదు. వంగిపోయిన భుజాలు సర్దుకుంటే ఎత్తు పెరిగినట్టు కనిపిస్తారు, అంతే.

తెలుగు ఇళ్లలో పిలాటిస్‌కు నిజమైన అవసరం ఎక్కడుందని అడిగితే నేను ప్రసవం తర్వాతి తల్లులను చూపిస్తాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. కోత పడిన పొట్ట, సాగిన కండరాలు, పట్టు సడలిన కటి అడుగు భాగం, ఆపై పసిబిడ్డను ఎత్తుకుని వంగి చేసే పని, ఇవన్నీ నడుమును కుంగదీస్తాయి. మన ఆచారంలో నడుంకట్టు కడతారు. కట్టు ఆసరా ఇస్తుంది, బలం ఇవ్వదు. డాక్టరు సరేనన్నాక శ్వాస వ్యాయామంతో, కటి అడుగు కండరాలను బిగించి వదలడంతో మొదలుపెట్టి, వంతెన దాకా నెమ్మదిగా వెళ్లవచ్చు. దగ్గినా తుమ్మినా మూత్రం కారే సమస్యకు కటి అడుగు కండరాల శిక్షణ పనిచేస్తుందన్నది బాగా రుజువైన విషయం. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఏళ్లతరబడి భరించే ఆడవాళ్లకు ఈ ఒక్క సంగతి చేరినా ఎంతో మేలు. హండ్రెడ్, వెల్లకిలా పడుకుని ఒక్కో వెన్నుపూసగా లేచి ముందుకు వంగే రోల్ అప్ వంటివి మాత్రం పొట్ట మధ్య కండరాలు ఎంత విడిపోయాయో ఫిజియోథెరపిస్టు చూశాకే చేయాలి. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా నాలుగో నెల తర్వాత, ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని చేసేవి మానేయాలి.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక ఎముకలు గుల్లబారిన వారికి. మేయో క్లినిక్‌కు చెందిన మెహర్‌షీద్ సినాకి, బెత్ మికెల్‌సన్ 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. వెన్ను ఆస్టియోపోరోసిస్ ఉన్న 59 మంది స్త్రీలలో వెన్నును వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు కుంగితే, ముందుకు వంచేవి చేసినవారిలో అది 89 శాతం. చిన్న అధ్యయనమే, కానీ తేడాను తేలిగ్గా తీసుకోలేం. పిలాటిస్ నేల వరుసలో హండ్రెడ్, రోల్ అప్, బంతిలా ఒళ్లు చుట్టుకుని దొర్లేది, రోల్ ఓవర్, టీజర్, ఇలా వెన్నును ముందుకు వంచేవే ఎక్కువ. ముట్లుడిగిన స్త్రీలు, చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవారు ఎముకల సాంద్రత తెలుసుకోకుండా వీటిలో చేరకూడదు. వారికి స్వాన్, స్విమ్మింగ్, వంతెన, సైడ్ కిక్ మిగులుతాయి, అవి చాలు. ఇవేవీ అడగకుండా అందరికీ ఒకే వరుస చేయించే గురువు దగ్గర నుంచి లేచి వచ్చేయండి. డిస్కు జారి కాలిలోకి నొప్పి దిగుతున్నవారు కూడా ముందుకు వంచేవాటి విషయంలో డాక్టరు మాట వినాలి. మూత్రం, మలం పట్టు తప్పడం, కాలు చచ్చుబడటం, జ్వరంతో కూడిన నడుంనొప్పి ఉంటే వ్యాయామం కాదు, ఆసుపత్రే దారి.

గురువును ఎంచుకోవడం ఎలా? మన దేశంలో ఫిజియోథెరపిస్టులకు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఉంది. పిలాటిస్ గురువులకు అలాంటి చట్టబద్ధమైన నమోదు లేదు. అమెరికాలో గుర్తింపు పరీక్ష రాయాలంటే యంత్రాలతో సహా కనీసం 450 గంటల శిక్షణ ఉండాలి. వారాంతపు కోర్సు చేసి వచ్చినవారు కూడా ఇక్కడ శిక్షకులుగా చెప్పుకోవచ్చు. కాబట్టి ఎన్ని గంటలు నేర్చుకున్నారో మొహమాటం లేకుండా అడగండి. మొదటి రోజు మీ ఆపరేషన్లు, నొప్పులు, మందులు అడుగుతున్నారా లేదా చూడండి. తరగతిలో పదిహేనుమంది ఉండి, గురువు అద్దం ముందు తాను చేసి చూపిస్తూ మీ వైపు తిరగకపోతే ఆ డబ్బు దండగ. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగైదుసార్లు సరిగ్గా నేర్చుకుని ఇంట్లో సాధన చేయడం అంతకంటే ఎంతో మేలు. జంపఖానా మీద దుప్పటి మడిచి వేసుకున్నా సరిపోతుంది. మరీ పలచటి చాప మీద దొర్లితే వెన్నెముక ఒరుసుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్నవారు వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాల చొప్పున శ్వాస, వంతెన, సింగిల్ లెగ్ స్ట్రెచ్, స్విమ్మింగ్, సైడ్ కిక్‌లతో మొదలుపెట్టండి. మిగిలిన రోజులు చురుగ్గా నడవండి. మంచి ఫలితాలు చూపిన పరిశోధనల్లో చాలావరకు రోగులు వారానికి రెండు మూడుసార్లు, ఆరు నుంచి పన్నెండు వారాల పాటు సాధన చేశారు. అంతకుముందే పనిచేయలేదని మానేయకండి.